ఆవకాయ ఆర్డరు, జోజిలా కనుమ

మాధవరం

చిరంజీవి బుజ్జమ్మకి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అమ్మ మోకాలు నొప్పి కాస్త నయం. ఫోన్లో చెబుదామంటే నువ్వు నా మాట సగంలో ఉండగానే ఇంకెవరితోనో మాట్లాడుతుంటావు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకని కాయితం, పెన్ను పట్టుకుని కూర్చున్నా. తీరిగ్గా చదువు.

మొన్న నీ దగ్గర నాలుగు రోజులున్నప్పుడు నీ పచ్చళ్ల కంపెనీ ఆఫీసు గది చూశాను. గోడ మీద యుద్ధవిద్య రాసిన చైనా ఆయన సున్ జూ మాటలు ఫ్రేము కట్టించి పెట్టావు. పక్కన నెపోలియన్ బొమ్మ. నీ మీటింగుల్లో 'అటాక్' అంటారు, 'మార్కెట్‌ని కొట్టేయాలి' అంటారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. 24 ఏళ్లు సైన్యంలో చేసినవాణ్ణి, శత్రువు మీద ఒక్క తూటా కూడా పేల్చలేదు. మాది ఆర్మీ సర్వీస్ కోర్. పప్పు, బియ్యం, కిరసనాయిలు, పెట్రోలు లారీలకెక్కించి కొండ మీదికి చేర్చడమే మా యుద్ధం. మిలిటరీ మాధవరం అని పేరున్న ఊళ్లో పుట్టి, 'ఎంతమందిని చంపావు మావయ్యా' అని పిల్లలడిగితే 'కందిపప్పు మోశాన్రా' అని చెప్పుకున్నవాణ్ణి. కాబట్టి నీకు నేను చెప్పగలిగిందీ కందిపప్పు సంగతే.

ఆ సూపర్‌మార్కెట్ వాళ్లకి దసరాలోపు 20,000 సీసాల ఆవకాయ ఇస్తానని మీటింగులోనే ఒప్పేసుకున్నానని చెప్పావు. నీ మొహం వెలిగిపోతోంది, అప్పుడు నేనేం మాట్లాడలేదు. ఇప్పుడు లెక్క చూడు. మే నెలలో నువ్వు పెట్టింది 24 క్వింటాళ్లు. 300 గ్రాముల సీసాకి 8,000 అవుతాయి. అందులో 2,000 అమెరికా పార్సిళ్లకీ, నీ పాత షాపులకీ పోతాయి. మిగిలేది 6,000. తక్కిన 14,000 సీసాలకి కాయ ఎక్కడుంది? శ్రావణం వస్తోంది. ఇప్పుడు చెట్టు మీద కాయ ఉండదు, ఉన్నా అది ఆవకాయకి పనికిరాదు.

లదాఖ్‌లో మేం చేసిన పని కూడా సరిగ్గా ఇదే. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో జోజిలా కనుమ ఉంది, దాదాపు 11,500 అడుగుల ఎత్తు. మా రోజుల్లో నవంబరులో మంచుకి మూసుకుపోతే మళ్లీ ఏప్రిల్, మే దాకా తెరుచుకునేది కాదు. చలికాలం మొత్తానికి కావలసిన తిండి, ఆయిలు, మందులు అన్నీ ఎండాకాలంలోనే పైకి పోవాలి. దాన్ని వింటర్ స్టాకింగ్ అంటారు. తలుపు పడ్డాక జనరల్ గారు ఫోన్ చేసినా లారీ వెళ్లదు. నీకూ ఒక జోజిలా ఉంది బుజ్జమ్మా. మే ఆఖరుతో అది మూసుకుపోయింది.

ఒక ముచ్చట ఇంతవరకు మీ అమ్మకి కూడా చెప్పలేదు. అక్టోబరు ఆఖర్లో, ఆ ఏటి చివరి కాన్వాయ్‌లలో ఒకటి. 32 లారీలు, రాత్రి సోనామార్గ్‌లో హాల్ట్. నేనప్పుడు హవల్దారుని. తెల్లవారుజామున మా ఓ.సి. సాబ్, అంటే మా మీది ఆఫీసరు, అడిగారు, 'చైన్లు అన్ని బళ్లకీ ఉన్నాయా?' అని. మంచులో జారకుండా టైర్లకి కట్టే ఇనప గొలుసులవి. 'ఉన్నాయి సాబ్' అన్నాను. అబద్ధం కాదు, రిజిస్టర్‌లో ఉన్నాయి. బళ్ల దగ్గరికి వెళ్లి చూడలేదంతే, చలికి బద్ధకించాను. కనుమ ఎక్కుతుండగా 13వ బండి అడ్డంగా జారి రోడ్డుకి అడ్డుకర్రలా పడిపోయింది. దాని చైను కొక్కేలు తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయాయట. వెనక 19 బళ్లు మధ్యాహ్నం దాకా ఆగిపోయాయి. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

ఓ.సి. సాబ్ నన్ను తిట్టలేదు. జీపు దిగి, ఆ చైను తెచ్చి నా చేతుల్లో పెట్టి, 'పట్టుకుని నిలబడు' అన్నారు. గ్లవ్స్ లేవు. ఆ చలిలో ఇనుము చేతికి అంటుకుపోతుంది. వదిలినప్పుడు అరచేతి తోలు కొంచెం దాంతోనే లేచొచ్చింది. 'రిజిస్టర్ చూసి చెప్పావా, కళ్లతో చూసి చెప్పావా?' అని ఒక్కటే అడిగారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా చేత్తో ముట్టుకోకుండా దేనికీ 'ఉంది సాబ్' అనలేదు నేను.

నీ 20,000 కూడా నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. గోడౌన్‌లో జాడీలు చూశాను, వాసెన గుడ్డలు ముట్టుకుంటూ లెక్కపెట్టాను కూడా.

గోడ మీద సూక్తుల బదులు మన సైన్యం కథే ఒకటి చెబుతాను. 1962లో చైనాతో గొడవ ముదిరినప్పుడు ఈశాన్యంలో థగ్‌లా శిఖరం మీదినుంచి వాళ్లని తరిమేయమని ఢిల్లీ హుకుం. అక్కడ బాధ్యత చూస్తున్న లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్, ముందు ఇంత సరుకు చేరాలి, ఇన్ని తూటాలు, ఇన్ని రోజుల రేషన్ చేరాలి, ఆ తర్వాతే దాడి అన్నాడు. ఆ మాట పైవాళ్లకి రుచించలేదు. ఆ పని ఆయన చేతిలోంచి తీసేసి నాలుగో కోర్ అని కొత్త సైనిక విభాగం పెట్టి, లెఫ్టినెంట్ జనరల్ కౌల్‌కి అప్పగించారు. అక్టోబరు 4న ఆయన వచ్చాడు. నామ్కా చూ ఏటి ఒడ్డున బ్రిగేడియర్ దళ్వి జవాన్లు చాలామంది కాటన్ యూనిఫాంలో, తలా 50 తూటాలతో కూర్చున్నారు. విమానాల్లోంచి జారవిడిచిన సరుకు చాలామటుకు లోయల పాలైంది. అక్టోబరు 12న ప్రధాని నెహ్రూ చైనావాళ్లని తరిమేయమని సైన్యానికి చెప్పామని పత్రికలవాళ్లతో అనేశారు. ఇక వెనక్కి తగ్గడానికి దారి లేదు. 20వ తేదీ తెల్లవారుజామున చైనావాళ్లే వచ్చి పడ్డారు. ఒక్కరోజులో బ్రిగేడ్ చెదిరిపోయింది, రెండు రోజుల తర్వాత దళ్వి కూడా పట్టుబడ్డాడు. కౌల్ అప్పటికి జబ్బుతో ఢిల్లీలో ఉన్నాడు.

ఆ జవాన్ల ధైర్యానికేం లోటు లేదమ్మా. పైనున్నవాళ్లు మాట ముందు ఇచ్చేసి, సరుకు తర్వాత చూసుకుందామనుకున్నారు.

కాల్పులు ఆగాక, విరిగిపోయిన ఆ నాలుగో కోర్‌ని సరిచేయడానికి పంపింది ఎవరినో తెలుసా? సామ్ మానెక్‌షాని. తయారీ లేకుండా ఒప్పుకుంటే ఏమవుతుందో ఆయన అక్కడ కళ్లారా చూశాడు. ఎనిమిదేళ్లు దాటాక, 1971 ఏప్రిల్‌లో ఆయనే సైన్యాధిపతి. అప్పటి తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి లక్షలమంది శరణార్థులు వస్తున్నారు. ఇందిరాగాంధీ మంత్రివర్గ సమావేశంలో వెంటనే లోపలికి వెళ్లమని అడిగితే కుదరదన్నానని ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. కారణాలు కూడా వరసగా చెప్పాడట. వానాకాలం వస్తే అక్కడి నదులు సముద్రాలవుతాయి. కోతల రోజులు, ధాన్యం కదలడానికే రైళ్లు చాలవు, ఇక సైన్యానికెక్కడివి? ట్యాంకుల్లో పనిచేసేవి కొన్నే. హిమాలయాల కనుమలు తెరిచే ఉంటాయి, చైనా దిగినా దిగొచ్చు. కావాలంటే రాజీనామా ఇస్తానని కూడా అన్నాడట. ఆ మీటింగు అంత నాటకీయంగా జరగలేదనే చరిత్రకారులూ ఉన్నారు. అది వాళ్ల తగువు. డిసెంబరు దాకా ఆగారన్నది మాత్రం నిజం. అప్పటికి వానలు వెళ్లిపోయాయి, కనుమలు మంచుతో మూసుకున్నాయి. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మొత్తం దాదాపు 93,000 మంది మన చేతికి చిక్కారు.

ఆయన వట్టి 'కుదరదు' అని చేతులు దులుపుకోలేదు, చూశావా? ఇప్పుడు ఎందుకు కుదరదో చెప్పాడు, ఎప్పుడు కుదురుతుందో చెప్పాడు, అప్పుడైతే పూచీ నాది అన్నాడు. నువ్వు ఆ సూపర్‌మార్కెట్ వాళ్లకి రాయవలసిన ఉత్తరం అలాంటిదే. దసరాకి ఆవకాయ 6,000 సీసాలు. గోంగూర, పండుమిరప ఎన్ని చేయగలవో చూసుకుని ఆ లెక్క వేరే రాయి. మిగతా ఆవకాయ వచ్చే జూన్‌లో, కాయ కొనడానికి మార్చిలోనే అడ్వాన్సు ఇస్తే. ఆర్డరు పోతుందేమోనని నీ టెన్షన్, అది పోయినా పోవచ్చు. ఏప్రిల్‌లో మానెక్‌షా ఉద్యోగమూ పోయి ఉండొచ్చు.

ఇంకొకటి అడుగుతా, కోపగించుకోకు. ఎవరో దళారి ఉప్పులో ఊరేసిన ముక్కలు డ్రమ్ముల లెక్కన ఇస్తానన్నాడటగా? నీ దగ్గర ముక్కలు తుడిచే పెద్దావిడ చెప్పింది. ఆ ముక్క నాలుగు రోజుల్లో మెత్తబడి టెంక ఊడొస్తుందట. 'అమ్మాయిగారికి చెప్పలేదా' అంటే, 'ఆవిడ సంతోషంగా ఉన్నారు కదండీ, ఎందుకులే అని' అంది. ఆ జవాబుకి నాకు ముక్క మెత్తబడటం కన్నా ఎక్కువ భయం వేసింది. నేనూ ఆ రోజు సోనామార్గ్‌లో అదే చేశాను మరి, సాబ్ వినాలనుకున్న మాటే చెప్పాను.

మా దగ్గర నెలకోసారి సైనిక్ సమ్మేళన్ ఉండేది. అందరూ కింద కూర్చుంటే యూనిట్ పెద్ద సి.ఓ. సాబ్ ముందు నిలబడి 'ఎవరికైనా ఏమైనా చెప్పాలా' అని అడిగేవారు. సగం సార్లు ఎవరూ నోరు విప్పరు, నిజమే. కానీ ఒకసారి ఒక సిపాయి లేచి, లంగర్‌లో, అంటే మా వంటశాలలో, రొట్టెలు పచ్చిగా ఉంటున్నాయి సాబ్ అన్నాడు. సి.ఓ. అప్పటికప్పుడు లంగర్‌కి వెళ్లి, వరసలో నిలబడి, ఆ రొట్టె తిన్నారు. మర్నాటి నుంచి రొట్టె కాలింది. నువ్వూ మీ ఆడవాళ్లతో కలిసి ఒక పూట ముక్కలు తుడువు. మీటింగు పెట్టకు, మీటింగంటే వాళ్లు ఇస్త్రీ చీర కట్టుకొచ్చి నోరు మూసుకుంటారు.

నీ మేనేజరు కుర్రాడి సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తా. లేబుల్ అంటించాలన్నా నీకు ఫోన్ చేస్తున్నాడు. 1971లో అదే నాలుగో కోర్, ఈసారి సగత్ సింగ్ చేతిలో ఉంది. త్రిపుర వైపునుంచి మేఘనా నది దాకా వచ్చేసరికి పాకిస్తాన్‌వాళ్లు రైలు వంతెన పేల్చేశారు. నది దాటడం ఆయనకిచ్చిన పనిలో లేదు. డిసెంబరు 9న ఎమ్‌ఐ-4 హెలికాప్టర్లలో జవాన్లని అవతలి ఒడ్డుకి దింపేశాడు. ఢాకాకి దారి అలా తెరుచుకుంది. పైవాళ్లని అడుగుతూ కూర్చుని ఉంటే ఆ సాయంత్రం గడిచిపోయేది. అయితే, వానాకాలమంతా వెనకాల త్రిపురలో రోడ్లు వేసి సరుకు పోగేసినవాళ్లుండబట్టే ఆయన ఆ పని చేయగలిగాడు. కాబట్టి ఆ కుర్రాడికి కొంత స్వేచ్ఛ ఇవ్వు, ముందు అతని గోడౌన్ నింపు.

సైన్యంలో ఉన్నదంతా నీకు పనికొస్తుందని అనడం లేదు. జవాను రేపటి నుంచి రానని చెప్పలేడు, నీ ప్యాకింగ్ అమ్మాయి చెప్పగలదు. పక్క కంపెనీవాడు నీ శత్రువేం కాదు, వచ్చే ఏడు కాయ తక్కువైతే నువ్వు అప్పడిగేది అతన్నే. నెపోలియన్ బొమ్మ తీసెయ్యమని కూడా అనను. కాకపోతే 1812లో రష్యా మీదికి పోయినప్పుడు ఆయన సైన్యం తిండి లేక, గుర్రాలకి మేత లేక ఎలా కరిగిపోయిందో ఆ ఫ్రేము వెనక రాసి పెట్టుకో.

శుక్రవారం రాత్రి బండికి వస్తున్నా. శనివారం పొద్దున్నే గోడౌన్ తాళాలు నాకివ్వు, జాడీలు నువ్వూ నేనూ కలిసి ఇంకోసారి లెక్కపెడదాం. ఆ తర్వాత వాళ్లకి ఉత్తరం రాద్దువుగాని. ఆ దళారికి మాత్రం నేనొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకు. అమ్మ నీకు మినపసున్నుండలు చేస్తోంది, ఆ పెద్దావిడకి కూడా ఒక డబ్బా విడిగా కడుతోంది. అల్లుడుగారికి మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు
మీ నాన్న