ఫ్రీమేసన్ లాడ్జి వార్షిక నివేదిక: ఈ ఏడాది ‘ఎందుకు’ అని అడిగాం

బ్రదర్స్ అందరికీ, రాతిపనివాళ్ళ పనిముట్లను గుర్తులుగా పెట్టుకున్న మన ఫ్రీమేసన్ సోదర సంఘం లాడ్జి (స్థానిక శాఖ) తరఫున నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎవరికి ఏ డిగ్రీ (సభ్యత్వంలో మెట్టు) ఇచ్చాం, అద్దె ఎంత కట్టాం అని రాసి సంతకం పెట్టేవాళ్ళం. రెండో పేజీ దాకా చదివినవాళ్ళు ఉన్నారని నేననుకోను. లెక్కల కాగితం కోశాధికారి విడిగా పంపుతున్నారు, డబ్బు సంగతి అందులో చూసుకోండి. ఇక్కడ మాత్రం ఈ ఏడాది మనం కాస్త కొత్తగా చేసిన పని గురించి రాస్తాను.

కొత్తగా చేరిన కుర్రాళ్ళు భోజనాల దగ్గర ప్రశ్నలు మొదలెట్టారు. చేర్చుకునే దీక్షలో కళ్ళకు గంతలెందుకు, మెడలో తాడెందుకు, ఒక కాలికి మామూలు బూటు ఉంచి రెండో కాలికి పాత చెప్పు తొడగడమెందుకు అని. పెద్దలు చెప్పిన జవాబు ఒకటే, ‘ఎప్పట్నుంచో అంతే’. అది జవాబు కాదని కమిటీలో చాలామందికి అనిపించింది. అందుకే సమావేశానికి ముందు గంటసేపు కూర్చుని, తంతులో ఒక్కో ముక్కను తీసుకుని చర్చించుకోవడం మొదలుపెట్టాం. మొదట్లో వచ్చినవాళ్ళు తక్కువ, టీ ఉంటుందని చెప్పాక పెరిగారు.

అందరికీ బాగా నచ్చింది లోహాల విషయం. దీక్ష తీసుకునేవాడి ఒంటి మీద లోహమనేది ఉండకూడదు. చిల్లర, ఉంగరం, వాచీ, తాళాలు అన్నీ తీయిస్తాం. సొలొమోను ఆలయం కడుతున్నప్పుడు ఇనుప పనిముట్ల చప్పుడు వినిపించలేదని బైబిల్లో ఉన్న మాటతో దీన్ని కలిపి చెప్పడం అలవాటు. అయితే అసలు సంగతి తర్వాత వస్తుంది. ప్రమాణం అయ్యాక అతన్ని ఈశాన్య మూలన నిలబెట్టి, పేద సోదరుల కోసం ఏదైనా ఇవ్వమని అందరి ముందూ అడుగుతారు. మనిషి అలవాటుగా జేబు తడుముకుంటాడు, ఏమీ ఉండదు, మొహం ఎర్రబడుతుంది. అప్పుడు చెబుతారు, చెయ్యి చాచినవాడు ఎదురైతే ఈ నిమిషం గుర్తుచేసుకోమని. ఇంతకాలం మనం ఈ ముక్కను రైలు తప్పిపోతుందన్నట్టు చదివేసి ముగిస్తున్నాం. ఈ ఏడాది దీక్షల్లో అక్కడ ఆగి, అతను జేబు తడుముకునేదాకా నోరు మెదపకుండా ఉన్నాం. తేడా చూసినవాళ్ళకు తెలుసు.

ఇక కంఠస్థం గొడవ. తంతు పుస్తకం చూసి చదివితే తప్పేంటని కొందరు, చూసి చదివేదానికి సభ్యులెందుకు, రికార్డు చేసి పెట్టుకోవచ్చు కదా అని ఇంకొందరు. నాది రెండో పక్షమే. దీనికి చరిత్రలోనూ ఆధారం దొరికింది. స్కాట్లండ్‌లో రాజుగారి కట్టడాల అధికారి విలియం షా 1598లో, 1599లో రాతిపనివాళ్ళ లాడ్జీలకు నియమాలు రాయించాడు, రెండో దాంట్లో సభ్యుల జ్ఞాపకశక్తి విద్యను పరీక్షించాలని ఉంది. ఎడింబరో లాడ్జి మినిట్స్ కూడా 1599 నుంచే దొరుకుతున్నాయి. అంటే రాళ్ళు చెక్కి బతికేవాళ్ళు కూడా బట్టీ పట్టినవాళ్ళే. ఆఫీసు పని ఒత్తిడి ఉందంటున్న మన జూనియర్ డీకన్ (లాడ్జిలో ఒక పదవి) గారు ఇది గమనించాలి.

చరిత్ర మీద రెండు సాయంత్రాలు బాగా వేడెక్కాయి. మనం పాఠంలా చెప్పేది ఇది: 1717 జూన్ 24న లండన్‌లో సెయింట్ పాల్ చర్చి దగ్గర ‘గూస్ అండ్ గ్రిడైరన్’ అనే బీరు దుకాణంలో నాలుగు లాడ్జీలు కలిసి మొదటి గ్రాండ్ లాడ్జి (లాడ్జీలన్నిటికీ పైసంఘం) పెట్టాయి, ఆంథొనీ సేయర్ మొదటి గ్రాండ్ మాస్టర్. కానీ ఈ వివరం జేమ్స్ ఆండర్సన్ 1738లో అచ్చువేసిన నియమావళి రెండో కూర్పులో వచ్చిందే తప్ప, ఆయనే 1723లో రాసిన మొదటి నియమావళిలో లేదు. అందుకే ఈ మధ్య కొందరు చరిత్రకారులు అసలు ప్రారంభం 1721 అంటున్నారు. పెద్దల్లో ఒకరికి ఇది రుచించక లేచి వెళ్ళబోయారు, టీ ఇచ్చి కూర్చోబెట్టాం. క్రూసేడ్ (మధ్యయుగపు క్రైస్తవ మతయుద్ధాల) వీరుల నుంచి, వాళ్ళలో ఒక దళమైన టెంప్లర్ల నుంచి మనం వచ్చామన్న కథకైతే పాత పత్రాల్లో ఆధారం లేదు. మన మూలాలను క్రూసేడ్లతో ముడిపెట్టింది రామ్సే అనే స్కాట్లండ్ పెద్దమనిషి, అదీ 1730ల్లో, ఫ్రాన్సులో. ఇకమీదట కొత్తవాళ్ళకు దాన్ని కథగానే చెబుదామని తీర్మానించాం.

మనకు మింగుడుపడని సంగతులకూ ఒక సాయంత్రం కేటాయించాం. 1775లో బోస్టన్‌లో ప్రిన్స్ హాల్, మరికొందరు నల్లజాతివాళ్ళు ఒక సైనిక లాడ్జిలో (బ్రిటిష్ సైనికుల లాడ్జి) దీక్ష తీసుకున్నారు. అక్కడి తెల్లవాళ్ళ లాడ్జీలు దగ్గరికి రానివ్వకపోతే ఇంగ్లండ్‌కు రాసి 1784లో చార్టర్ (లాడ్జి నడిపే అనుమతిపత్రం) తెచ్చుకున్నారు. ఆ పరంపరలో ఏర్పడిన గ్రాండ్ లాడ్జిని ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జి గుర్తించింది ఎప్పుడంటే 1994లో. మూలమట్టం, రసమట్టం, తూకం గుండు చూపించి ‘మనమంతా ఒకే మట్టం మీద’ అని ఉపన్యాసాలిచ్చే సంఘం రెండు వందల ఏళ్ళకు పైగా చేసిన పని ఇది. ఆ రోజు ఎవరూ సమర్థించడానికి ప్రయత్నించలేదు, అది నాకు నచ్చింది. ప్రమాణాల్లోని భయంకర శిక్షల సంగతీ వచ్చింది, నాలుక కోయడం వగైరా. ఇంగ్లండ్‌లో 1986లోనే వాటిని ప్రమాణంలోంచి తీసేశారు. పాతవాసన పోతుందని బాధపడేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. కొత్తవాణ్ణి బెదిరించడం సంప్రదాయమని నేననుకోను.

‘మీ రహస్యాలేంటి’ అని బంధువులు అడిగితే ఏం చెప్పాలని కొందరికి టెన్షన్. కరచాలనం, సంకేతపదం ఇక్కడ రాయను, మాటిచ్చాం కాబట్టి. కానీ వాటిని కాపాడుతున్నామని గొప్పలు పోనక్కర్లేదు, 1730లోనే శామ్యూల్ ప్రిచర్డ్ లండన్‌లో మూడు డిగ్రీల తంతునూ, సొలొమోను ఆలయ శిల్పి హీరామ్ హత్య కథతో సహా, అచ్చేసి అమ్ముకున్నాడు. ఇంటివాళ్ళను భోజనాల హాల్లోకి తీసుకురండి, లాడ్జి గది చూపించండి, నలుపు తెలుపు గడుల నేల, చెక్కని రాయి, చెక్కిన రాయి చూసుకుని వెళ్తారు. తీసుకొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో గొడవలు తగ్గాయని విన్నాను.

వాట్సాప్ గ్రూపు గురించి చెప్పక తప్పదు. మత విషయాలు, రాజకీయాలు లాడ్జి గుమ్మం లోపలికి తేకూడదని 1723 నుంచీ నియమం. గ్రూపు కూడా గుమ్మం లోపలే. ఎన్నికల వీడియోలు పెట్టినవాళ్ళకు లాడ్జి పెద్ద అయిన మాస్టరుగారు ఫోన్ చేసి చెప్పారు, మళ్ళీ పెడితే గ్రూపులోంచి తీసేస్తాం, ఏమీ అనుకోవద్దు.

సహాయ నిధి మామూలుగానే నడిచింది. చనిపోయిన సోదరుల పిల్లల ఫీజులు, ఆస్పత్రి బిల్లులు. పేర్లు చెప్పం, అడగొద్దు.

టైలర్ (లాడ్జి తలుపు కాపలా) పదవికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదు. తలుపు బయట కత్తి పట్టుకుని ఒక్కడే నిలబడాలి, లోపల జరిగేది కనపడదు, విందు చల్లారాక తినాలి, నిజమే. విందు చివర కష్టాల్లో ఉన్న సోదరుల కోసం టోస్టు (గ్లాసెత్తి చెప్పే శుభాకాంక్ష) చెప్పేది కూడా ఆయనే. ఇప్పుడున్నాయన మోకాళ్ళ నొప్పులతో కూడా ఒక్క సమావేశం ఎగ్గొట్టలేదు, ఆయనకు ఒక ఎత్తు కుర్చీ కొన్నాం.

కొత్త మాస్టరు ఎన్నిక వచ్చే సమావేశంలో. తెల్ల గోళీలు (ఒప్పుకోలు), నల్ల గోళీలు (వద్దనడం) ఉన్న ఓటుపెట్టెను కొత్త సభ్యుల దరఖాస్తుల కోసం మాత్రమే తీస్తాం. ఒకే ఒక్క నల్ల గోళీ వేసి తర్వాత ‘పొరపాటున చేయి జారింది’ అని నాకు మెసేజ్ పెట్టొద్దు, పెట్టెలో చూసి వేయండి. రిహార్సల్స్ ఇకపై సమావేశానికి ముందు వారం, పుస్తకం లేకుండా. చందా బకాయి ఉన్నవాళ్ళు ఎన్నికలోపు కట్టేయండి, లేకపోతే ఓటుండదు.

ఇట్లు,
లాడ్జి కార్యదర్శి