హార్మోనియం బాగు చేయించాను

చి. పావనికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. తెనాలిలో పొద్దున పూట మంచు బాగా పడుతోంది. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. బుజ్జిగాడికి పరీక్షలు దగ్గరపడ్డాయి. నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలైంది. చదువుల ఒత్తిడి అయ్యుంటుందిలే.

మొన్న చీరాల పిన్ని వచ్చింది. నువ్వు కంప్యూటర్ సైన్స్ వదిలేసి మ్యూజికల్ థియేటర్‌లో చేరావని ఎవరో చెప్పారట. నేను నమ్మలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమెరికాలో మీ ఎవాన్‌స్టన్‌లో సరస్సు మీది గాలి చెవుల్లోకి కొడుతుందన్నావు. మఫ్లర్ లేకుండా బయటికి వెళ్లకు. పాడే గొంతుకి చలిగాలి మంచిది కాదు.

పాటలతో నాటకం మనింట్లో వింతేం కాదమ్మా. సురభి నాటక సమాజం వాళ్లు 1885 నుంచి ఆడుతూనే ఉన్నారు. తాతయ్య హార్మోనియం సంగతి నీకు తెలుసు. ఈ ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదేళ్లు. కొల్లిపరలో శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర. కాటి సీను వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. ఒకే పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టారు. నాలుగోసారి హరిశ్చంద్రుడి గొంతు పైకి లేవలేదు. నేను తాతయ్య పక్కనే కూర్చున్నాను. ఎడం చేత్తో తిత్తి ఊపుతూ, కుడిచేత్తో రాగం సాగదీస్తూ, ఆయన మెల్లగా అర శృతి దించేశారు. ఆ కాస్త వ్యవధిలో హరిశ్చంద్రుడు వెనక్కి తిరిగి గోరువెచ్చని నీళ్లు తాగి వచ్చి పద్యం అందుకున్నాడు. జనానికి తెలియనే లేదు. తెల్లారి పది గంటలకల్లా తాతయ్య సొసైటీ ఆఫీసులో లెక్కలు రాస్తున్నారు. ఆ హరిశ్చంద్రుడికి మాత్రం తర్వాత గొంతు తిరిగి రాలేదు. పద్యం తప్ప ఇంకో పని తెలీదు. ఓ సాయంత్రం మన అరుగు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే ఉన్నాడు. నాకు ఆ గ్లాసే గుర్తొస్తోంది.

నీకు క్లాసు పీకాలని కాదు. బీఎఫ్‌ఏ అనే కళల డిగ్రీలో అయితే ఎక్కువ గంటలు పాటకీ, నటనకీ, డ్యాన్సుకీ పోతాయట. మీ యూనివర్సిటీ నార్త్‌వెస్టర్న్‌లో థియేటర్ పిల్లలు కూడా మిగతా సబ్జెక్టులు చదవాల్సిందేనని తెలిసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అక్కడ 1929 నుంచి నడుస్తున్న వా-ము అనే పాటల నాటకంలో పిల్లలే కథ రాసి పాటలు కడతారట. నువ్వు అందులో ఉన్నావా? ఉంటే లైట్లు, సౌండ్, టికెట్ల లెక్కలు అన్నిటి దగ్గరా నిలబడు. సురభిలో వేషం వేసినవాళ్లే తెరలూ లాగుతారు, దుస్తులూ కుడతారు. చరిత్రా, లెక్కలూ వదలకు.

ఇంకో మాట. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, మారిస్తే నీ వీసాకి ఆధారమైన యూనివర్సిటీ పత్రం ఐ-20 మార్పించుకోవాలి, ఆలస్యం చెయ్యకు. కంప్యూటర్ సైన్స్ పూర్తిగా వదిలేస్తే చదువయ్యాక పని చేసుకోవడానికి 12 నెలల ఓపీటీ అనుమతే, ఆపైన సైన్స్, టెక్నాలజీ చదువులకిచ్చే 24 నెలల పొడిగింపు ఉండదు. రెండు మేజర్లూ చేయగలవేమో అడిగి చూడు. కుదరదంటే కుదరదని నాతో చెప్పు. పిన్ని నోట వినడమే కష్టంగా ఉంది.

డబ్బు సంగతి నేను చూసుకుంటాను. రాత్రి అన్నం మానేయకు.

ఈ ఆదివారం రాత్రి తొమ్మిదికి మేలుకునే ఉంటాం, నీకు పొద్దున తొమ్మిదిన్నర. వచ్చే నెల వస్తున్న శేషు మామయ్య చేత మిరియాల పొడి, పటికబెల్లం పంపిస్తున్నాను. తాతయ్య హార్మోనియం తిత్తి చిరిగితే బాగు చేయించాను, రెండు మెట్లు ఇంకా బిగుసుకుపోతున్నాయి. నువ్వు ఏ శృతిలో పాడుతున్నావో చెప్పు, పట్టి చూస్తాను.

ఇట్లు,
నాన్న