సెలెక్షన్స్‌కి ఇప్పుడే వద్దమ్మా

చిరంజీవి లావణ్యకు నాన్న ఆశీస్సులు.

వచ్చే నెల కబడ్డీ సెలెక్షన్స్‌కి వెళ్తానని అమ్మతో అన్నావట. నొప్పి లేదు, వాపు లేదు, మెట్లు కూడా ఎక్కేస్తున్నాను అన్నావట. నీ ఆరాటం నాకు తెలుసు తల్లీ. అయినా వద్దనే అంటున్నాను.

మోకాలికి చిన్న కెమెరా గొట్టంతో చేసిన ఆపరేషన్ కాబట్టి పైకి చిన్న మచ్చలే కనిపిస్తున్నాయి. లోపల జరిగింది మాత్రం పెద్ద పని. తెగిన ఏసీఎల్‌ను, అంటే మోకాలి లోపల పై ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టి ఉంచే లిగమెంటును, డాక్టరు గారు కుట్టలేదు. తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండ నుంచి టెండన్ (కండను ఎముకకి కట్టే తాడు లాంటిది) తీసి, పై ఎముకకీ కింది ఎముకకీ రంధ్రాలు చేసి, అందులోంచి లాగి బిగించారు. ఆ ముక్కకి మొదట్లో రక్తమే అందదు. కొత్త రక్తనాళాలు పుట్టి, అది లిగమెంటుగా మారేలోపు ఒక దశలో బిగించిన రోజుకన్నా బలహీనపడుతుంది కూడా. గట్టిపడేది ఆ తర్వాతే. నొప్పి పోయినంత మాత్రాన అది గట్టిపడినట్టు కాదు.

కూతకెళ్లినప్పుడు ఎవరైనా చీలమండ పట్టుకోగానే ఒంటికాలి మీద గిర్రున తిరిగి గీత వైపు దూకుతావు చూడు, నీకు పేరు తెచ్చింది ఆ తిరుగుడే. కాలి ఎముక ముందుకు జారకుండా, మెలిపడకుండా ఆపేది ఏసీఎల్ కాబట్టి దానికి గండం కూడా అదే. ఇలాంటి ఆటల్లో మగపిల్లలకన్నా ఆడపిల్లలకే ఇది ఎక్కువ తెగుతుంది. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో, 9 నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ దెబ్బతినే ముప్పు దాదాపు సగం తగ్గిందని తేలింది. నీకింకా ఐదో నెలే. మళ్లీ తెగితే కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరగొచ్చు. అప్పుడిక చిన్న వయసులోనే కీలు అరుగుతుంది.

మొన్న ఫిజియో టేపు పెట్టి కొలిస్తే నీ కుడి తొడ ఎడమదానికన్నా రెండు సెంటీమీటర్లు సన్నగా ఉంది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. ముందు ఆ కండ రావాలి. ఒంటికాలి గెంతులో కుడికాలు ఎడమదానికి 90 శాతమైనా అందుకోవాలి. దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు.

రెజ్లర్ వినేశ్ ఫోగాట్‌ను 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి దెబ్బతో స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. ఆపరేషన్ అయ్యాక 2018 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. మన గోపీచంద్‌కి 1994లో మోకాలి లిగమెంట్ తెగింది, ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచింది 2001లో. నీకు పద్దెనిమిదేళ్లే.

కోచ్ గారితో నేను మాట్లాడతాను, ఆ మొహమాటం నీకొద్దు. ఆదివారం వస్తున్నాను. ఫిజియో ఫీజు పంపాను, ఒక్క పూట కూడా మానకు. రోజూ గుడ్లు తిను.

మీ నాన్న