సిద్ధవటం కోటకు సిమెంటు మందు కాదు

సంపాదకుడు గారికి,

ఒంటిమిట్ట రాముడి దర్శనం అయ్యాక చాలామంది బండి నేరుగా కడప వైపు తిప్పేస్తారు. దగ్గర్లోనే సిద్ధవటం ఉందన్న ఊసే రాదు. ఇవాళ అది మండల కేంద్రమే కావచ్చు, 1808 నుంచి 1812 దాకా మాత్రం కడప జిల్లాకు ముఖ్యపట్టణం. ఇంగ్లిషువాళ్ల కాగితాల్లో 'సిధౌట్' అంటే ఇదే. పెన్న పొంగితే ఊరు దీవిలా మిగిలిపోయేది, అందుకే కచేరీలు కడపకు తరలాయి.

అంతకుముందు ఇది మట్లి రాజుల ఊరు. పాత మట్టికోటను రాతికోట చేసింది మట్లి అనంతరాజు. ఆ తర్వాత కడప నవాబుల చేతికి వచ్చింది. 1779లో హైదరాలీ కడప మీద పడితే నవాబు అబ్దుల్ హలీం ఖాన్ తలదాచుకున్నదీ, చివరికి లొంగిపోయిందీ ఇక్కడే. ఏటి ఒడ్డున ఈ కోట దాదాపు 36 ఎకరాలు, 17 బురుజులు. లోపల సిద్ధేశ్వరాలయమూ ఉంది, మసీదూ ఉంది. ఒంటిమిట్ట కల్యాణం ఎలాగూ రాత్రిపూటే. ఆ రోజు మధ్యాహ్నం అక్కడ చెట్టునీడ వెతుక్కునే బదులు, ఎండ తగ్గాక కోటకు వస్తే గంటన్నరలో చూసి వెళ్లొచ్చు.

పర్యాటకం అనగానే మనకు రంగుల దీపాలు, స్వాగత తోరణాలు గుర్తొస్తాయి. కానీ ఇలాంటి కోటలకు ముందు కావలసింది సరైన మరమ్మతు. వాటికి అసలు శత్రువు రావి మొక్క. పక్షి రెట్టలో వచ్చిన గింజ రాళ్ల సందులో మొలుస్తుంది. పైపైన నరికితే మొదలు మరింత లావై, రాయిని బయటికి నెడుతుంది. చుట్టూ ఉన్న రాళ్లకు సుద్దతో అంకెలు వేసి, ఊడదీసి, వేరు మొత్తం లాగేశాకే వాటిని అదే వరసలో తిరిగి పేర్చాలి. సందులు నింపాల్సింది సిమెంటుతో కాదు, గానుగ సున్నంతో. సిమెంటు పూస్తే గోడలోకి దిగిన వాననీరు బయటికి ఆరే దారి ఉండదు. లోపలి పాత సున్నం నానిపోతుంది, ఉప్పు పేరుకుని రాతి అంచులు పెచ్చులూడతాయి. కొన్నేళ్లకు ఆ సిమెంటే పలకలా విడిపోతుంది, వస్తూ వస్తూ రాతిముక్కనూ పట్టుకొస్తుంది.

గానుగ సున్నం కోసం గుల్ల సున్నాన్ని గుంటలో కనీసం మూడు నాలుగు వారాలు నాననివ్వాలి. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్లు ఇసుక కలిపి గానుగలో రుబ్బాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పాత మేస్త్రీలు ఊరికే పోయలేదు, వాటితో పట్టు పెరుగుతుంది. పూత మీద తడి గోనెసంచులు కప్పి పది రోజులైనా ఆరిపోకుండా చూడాలి. నడి వేసవిలో చేస్తే బీటలిస్తుంది, వానల్లో చేస్తే కొట్టుకుపోతుంది. వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి మాఘం దాకా అనువైన కాలం.

టెండరు పిలిచేవాళ్లు ఈ పనిని 'ప్లాస్టరింగ్' అని ఒక్క మాటలో తేల్చేయకుండా సున్నం, ఇసుక పాళ్లు, నానబెట్టే రోజులు కాగితం మీద రాయాలి. అలాగే ఒంటిమిట్ట గుడి దగ్గర సిద్ధవటానికి దారి చూపే బోర్డు ఒకటి పెట్టించాలి, దాని మీద 1808-1812 ముచ్చట రెండు వాక్యాల్లో ఉంటే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కడప