‘పైరో’ అంటే ఏమిటో ఒక్క ముక్క రాయండి

సంపాదకులకు,

మీ ఆరోగ్యం పేజీలో యాంటీపైరెటిక్, పైరెక్సియా, పైరోజెన్ లాంటి మాటలు తరచూ కనిపిస్తుంటాయి, పక్కన ఒక్క ముక్క వివరణ మాత్రం ఉండదు. అవన్నీ ఒకే కుటుంబం మాటలు. గ్రీకులో ‘పూర్’ అంటే నిప్పు, జ్వరాన్ని వాళ్లు ‘పురెటోస్’ అన్నారు, అదే ఇంగ్లీషు నోట పడి ‘పైర్’, ‘పైరో’ అయింది. ఇంత తెలిస్తే చాలు, పైరెక్సియా అంటే జ్వరం, యాంటీపైరెటిక్ అంటే జ్వరం తగ్గించే మందు, పైరోజెన్ అంటే జ్వరం తెప్పించే పదార్థం అని ఎవరైనా పోల్చుకోగలరు. ఛాతీలో మంటకు డాక్టర్లు వాడే పైరోసిస్ కూడా అక్కడిదే. ఒళ్లు కాలిపోతోంది అని, ఛాతీలో మంట అని మనం అనడం లేదా? వాళ్లకూ అలాగే తోచింది.

కేస్ షీటు మీద పీయూఓ అని రాస్తే ఇంట్లో వాళ్లు ఏదో పెద్ద జబ్బు పేరనుకుని హడలిపోతారు. పైరెక్సియా ఆఫ్ అన్‌నోన్ ఆరిజిన్, అంటే కారణం ఇంకా తేలని జ్వరం అని దాని అర్థం, అంతే. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే ఇద్దరు డాక్టర్లు దీనికి కొలత పెట్టారు: 38.3 డిగ్రీల సెల్సియస్ దాటే జ్వరం పలుమార్లు రావాలి, మూడు వారాలకు మించి ఉండాలి, ఆస్పత్రిలో వారం పాటు పరీక్షలు చేసినా కారణం దొరక్కూడదు. ఆ కొలతల్ని తర్వాత మార్చారు గానీ అసలు ఆలోచన అదే.

సిరంజి ప్యాకెట్ మీద, సెలైన్ గొట్టం కవర్ మీద ‘స్టెరైల్, నాన్‌పైరోజెనిక్’ అని రెండు మాటలు ఉంటాయి. సూక్ష్మజీవులు లేవని చెప్పాక రెండోది ఎందుకు? ఎందుకంటే చచ్చిన బ్యాక్టీరియా కూడా జ్వరం తెప్పిస్తుంది. ఒకప్పుడు, నీళ్లు మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టిన డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన ఇంజెక్షన్ ఇస్తే కొందరికి వణుకుతో జ్వరం వచ్చేది, కారణం తెలిసేది కాదు. 1920లలో ఫ్లోరెన్స్ సీబర్ట్ అనే అమెరికన్ బయోకెమిస్ట్ ఆ గుట్టు విప్పారు. నీళ్లు మరుగుతున్నప్పుడు ఎగిరే సన్నని తుంపర్లతో పాటు బ్యాక్టీరియా పదార్థాలు అవతలి పాత్రలోకి చేరుతున్నాయని కనిపెట్టి, ఆ తుంపర్లను అడ్డుకునే పరికరం తయారు చేశారు. ఈ పదార్థాల్లో ముఖ్యమైన ఎండోటాక్సిన్ మరిగించినా పోదు, అందుకే మందు నింపే గాజు సీసాలను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచుతారు. రక్తంలోకి ఎక్కే ప్రతి చుక్క వెనకా ఇంత శ్రమ ఉంది. ఆమె పేరు మీ పేజీలో ఒక్కసారైనా రావాలని నా కోరిక.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. ఒళ్లు వేడెక్కితే చాలు జ్వరం అనేస్తున్నాం, వార్తల్లోనూ అలాగే రాస్తున్నారు. పైరెక్సియా వేరు, హైపర్‌థెర్మియా వేరు. జ్వరంలో పైరోజెన్ల వల్ల ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారై, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగం ఉంచాల్సిన వేడిని తానే పెంచుతుంది, ఆ పెంచిన స్థాయికి చేరడానికే ఒళ్లు వణుకుతుంది, దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. పారాసెటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తుంది కాబట్టి జ్వరం దిగుతుంది. హైపర్‌థెర్మియా అయిన వడదెబ్బలో అలా కాదు. హైపోథాలమస్ ఏమీ పెంచలేదు, ఒంట్లో చేరిన వేడి బయటికి పోవడం లేదు, అంతే. అక్కడ పారాసెటమాల్ పనిచేయదు, పైగా లివర్‌కు హాని చేయొచ్చు. మనిషిని వెంటనే నీడలోకి చేర్చి, చన్నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేసి, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మాట తప్పు రాస్తే చేయాల్సిన పని కూడా తప్పిపోతుంది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ‘పై’తో మొదలయ్యేదల్లా నిప్పు కాదు. గ్రీకులో ‘పుఒన్’ అంటే చీము, పయోరియా, పయోజెనిక్ లాంటివి దాన్నుంచి వచ్చాయి. పైరోజెనిక్ అంటే జ్వరం తెప్పించేది, పయోజెనిక్ అంటే చీము పట్టించేది. వినడానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి! కిడ్నీ ఇన్‌ఫెక్షన్ పైలోనెఫ్రైటిస్‌లో ఉన్నది ఈ రెండూ కాదు, అది తొట్టి అనే అర్థమున్న మరో మాట. కాబట్టి అక్షరాలు చూసి ఊహించి రాయడం మంచిది కాదు.

వైద్యం బయటా ఈ మాటలు చాలానే ఉన్నాయి. ఇనుముతో కొడితే నిప్పురవ్వలు రాలుస్తుంది కాబట్టి పైరైట్. అగ్నిపర్వతం నుంచి దూసుకొచ్చే వేడి బూడిద, రాళ్ల ప్రవాహం పైరోక్లాస్టిక్, 1902లో మార్టినిక్ దీవిలో సెయింట్ పియర్ పట్టణాన్ని తుడిచిపెట్టింది అదే. పైరాక్సీన్ అనే ఖనిజం కథ నాకు మరీ ఇష్టం. లావాలో ఈ స్ఫటికాలు అనుకోకుండా చిక్కుకున్నాయనుకుని హావీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1796లో ‘నిప్పుకు పరాయిది’ అని పేరు పెట్టాడు. నిజానికి అవి లావా కరిగి ఉన్నప్పుడు అందులోనే పుట్టినవి. ఆ సంగతి తేలినా పేరు మారలేదు. మన ప్రతి కణంలో గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్‌ది ఇంకో దారి, 1835లో బెర్జీలియస్ ద్రాక్షలో ఉండే ఆమ్లాన్ని కాల్చి దాన్ని తీశాడు, అందుకే ఆ పేరులో నిప్పూ ద్రాక్షా రెండూ ఉన్నాయి.

కొత్త మాటలు ఇప్పటికీ పుడుతున్నాయి. ఇన్‌ఫెక్షన్ సోకిన కణం ఉబ్బి పగిలి చుట్టూ వాపు రేపుతూ చనిపోవడాన్ని 2001లో పైరాప్టోసిస్ అన్నారు. రేపు మీ సైన్స్ పేజీలో అదీ వస్తుంది. వచ్చినప్పుడు బ్రాకెట్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు ఇచ్చి వదిలేయకుండా, అర్థం తెలుగులో ఒక వాక్యం రాయండి. ఎండలు ముదరకముందే జ్వరానికీ వడదెబ్బకూ తేడా చెప్పే చిన్న బాక్స్ ఒకటి మొదటి పేజీలో వేయండి, లోపలి పేజీల్లో వేస్తే అవసరమైన వాళ్ల కంట పడదు.

ఇట్లు,
మీ పాఠకురాలు