ఇల్లంతా చూపించిన బిడ్డకు

మక్తల్,
ఆదివారం.

చి.ల.సౌ. స్వప్నకు,

నాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి వానలు తగ్గినప్పటి నుంచి కొంత నయంగా ఉంది. కంది పూతకు వచ్చింది. లచ్చవ్వ ఇప్పటికీ కళ్ళద్దాలు పెట్టుకోనని మొండికేస్తూనే ఉంది.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నీవు అనుకోవచ్చు. నేను పంపే సందేశాలకు నీలి గీతలు పడుతున్నాయే కానీ జవాబు రావడం లేదు. అదీ గాక, మీ హాలులో ఆ మాట్లాడే డబ్బా ఒకటి ఉంది కదా, దాని ముందు నీవు స్పీకరు పెట్టుకొని మాట్లాడుతుంటే నాకు నోరు పెగలదు. పేరు పెట్టి పిలిచేదాకా అది పట్టించుకోదని దసరాకు వచ్చినప్పుడు అల్లుడు చెప్పాడు, ఆ మాట నిజమే. అయితే పేరు పెట్టి పిలిచారో లేదో తెలియాలంటే అది ఎల్లవేళలా చెవి ఒగ్గి ఉండవలసిందే కదా. పిలిచాక అన్న మాటలు కంపెనీ వారి కంప్యూటర్లకు చేరతాయి, పిలవకపోయినా పిలిచారని అది భ్రమపడితే అప్పుడూ చేరతాయి. దాని మీద మైకు ఆపే బొత్తాం ఉంటుంది, ఇంటి సంగతులు మాట్లాడుకునేటప్పుడు నొక్కి పెట్టుకోండి. రిజిస్టరు పోస్టును 2025లో స్పీడు పోస్టులో కలిపేశారు కనుక ఈ ఉత్తరాన్ని స్పీడు పోస్టులోనే పంపుతున్నాను. సంతకం పెట్టి నీవే తీసుకో, వాచ్‌మన్‌కు ఇవ్వమని చెప్పకు.

నీవు పెట్టిన కొత్త ఇంటి వీడియో చూశాను. మీ అమ్మకు హాలు గోడకు వేసిన నల్ల రంగు నచ్చలేదు, నాకు మాత్రం ఫరవాలేదనిపించింది. నాయనమ్మ ఇసుర్రాయి మీద అద్దం పరిచి టీపాయి చేయడం బాగుంది. గొంగడిని గోడకు వేలాడదీయడం చూసి మీ అమ్మ నవ్వింది, ఎందుకంటే ఆ గొంగడి కప్పుకొని మీ తాత మంచె మీద చేను కావలి పడుకునేవాడు. అది ఉన్ని కాబట్టి పురుగు పడుతుంది, నెలకొకసారి ఎండలో దులిపి వెనక వేపాకు పెట్టు. పుట్టపాక తేలియా రుమాలుకు చట్రం కట్టించావు సరే, ఎండ పడని గోడకు మార్చు. నూలును నూనెలోనూ బూడిద నీళ్ళలోనూ నానబెట్టి అద్దకం చేసిన బట్ట అది, 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ బండి చక్రం. ఇనుప పట్టాతో సహా కప్పుకు గొలుసులతో వేలాడదీసి బల్బులు పెట్టావే, ఆ కొక్కేలు స్లాబులోకి దిగాయా, లేక ఫాల్సు సీలింగుకే బిగించారా? అల్లుణ్ణి దగ్గరుండి చూడమను. చూసిన తరువాత అతన్నే నాకు ఒక మాట ఫోను చేయమను.

వీడియోలో చెప్పుల స్టాండు దగ్గర మాత్రం కెమెరా తొందరగా తిరిగిపోయింది.

మొన్న బుచ్చన్న మామ మనుమరాలి తొట్టెలకు పోయాం. భోజనాల తరువాత ఆడవాళ్ళు నీ వీడియోను ఫోనులో పెట్టి, ఆపి, వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నారు. బాల్కనీలోంచి కనిపించే నీళ్ళ ట్యాంకును బట్టి రాములమ్మ చిన్న కోడలు మీ అపార్టుమెంటు ఏదో చెప్పేసింది. భోజనాల బల్ల మీది పార్సిలు డబ్బా చీటీ నుంచి ఫ్లాటు నంబరూ నీ ఫోను నంబరూ చదివారు. తలుపు పక్కన తాళంచెవులు వేలాడే చోటు, ఫ్రిజ్ మీద అతికించిన కరెంటు బిల్లు, ఏవీ వదలలేదు. వాళ్ళు మన వాళ్ళే కనుక సరిపోయింది, కానీ అదే వీడియో ఎవరైనా చూడవచ్చు కదా. అంతటితో ఆగక వాళ్ళు ఇంకా ఏవేవో చదివారు. ఆ మాటలు రాయడం నాకు ఇష్టం లేదు. రాములమ్మ నోరు నీకు తెలియనిది కాదు.

ఇంటిలోపల ఉన్నది మన సొంతం అనుకుంటాం. మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది, అందుకు కోర్టుకెక్కినవాడు పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి. అయితే మనమే కిటికీలన్నీ తెరిచి పిలిస్తే ఆ హక్కు మనకు ఎంతవరకు అక్కరకొస్తుంది? ఇల్లు ఊడ్చే ఆ గుండ్రటి యంత్రాన్నే చూడు, తిరుగుతూ తిరుగుతూ అది ఇంటి పటం గీసుకుంటుంది, కొన్నిటికి కెమెరా కూడా ఉంటుంది. 2020లో అమెరికాలోని ఒక కంపెనీ పరీక్ష కోసం ఇళ్ళలో తిప్పిన అటువంటి యంత్రాలు తీసిన ఫోటోలు, వాటిలో ఏ వస్తువు ఏదో గుర్తించి పేర్లు రాసే కూలి మనుషుల చేతుల మీదుగా బయటికి పొక్కాయి. స్నానాల గదిలో ఉన్న ఒక ఆమె బొమ్మ కూడా అందులో ఉందట. హాలులో మీరు పెట్టుకున్న కెమెరా లోపలి వైపు ఎందుకు చూస్తున్నది? గుమ్మం వైపు తిప్పండి, డబ్బాతో వచ్చిన పాస్‌వర్డును మార్చండి. ఇద్దరూ ఆఫీసుకు పోయాక ఇల్లు చూసుకోవడానికని పెట్టారేమో. ఇద్దరూ అన్నాను, తప్పులేదు కదా.

పాత సంగతి ఒకటి గుర్తొస్తున్నది. నేను బ్రాంచి పోస్టుమాస్టరుగా ఉన్న రోజుల్లో మన పాలమూరు నుంచి జనం బొంబాయికి కట్టడాల పనికి పోయేవారని నీకు తెలుసు. వచ్చిన ఉత్తరాల్లో సగం నేనే చదివి వినిపించేవాణ్ణి, జవాబులూ నేనే రాసిపెట్టేవాణ్ణి. చెరువుకట్ట కింది ఇంట్లో ఒక అత్తా కోడలూ ఉండేవారు. కొడుకు పేరుకు భార్యకే రాసినా, ఉత్తరం చదివేటప్పుడు అత్త పక్కనే కూర్చొని వినవలసిందే. ఒకసారి అతను, పరంజా మీది నుంచి పడ్డానని, కాలు విరిగిందని, అమ్మకు చెప్పవద్దని, చెబితే బస్సెక్కి వచ్చేస్తుందని రాశాడు. ఆ వాక్యం కళ్ళబడగానే నేను దగ్గాను. సిరా చెదిరిందని చెప్పి ఆ నాలుగు వరుసలూ దాటేసి, క్షేమమని, పైసలు పంపుతానని చదివాను. కోడలు నా ముఖం చూసింది కానీ ఏమీ అనలేదు. మర్నాడు కార్డు కొనే నెపంతో ఒంటరిగా పోస్టాఫీసుకు వచ్చి, "సారూ, ఆ సిరా చెదిరిన కాడ ఏమున్నది?" అని అడిగింది. ఉత్తరం ఆమెది, అడిగే హక్కూ ఆమెదే, కాబట్టి చదివి చెప్పాను. అప్పటి నుంచి ఆ ఇంటికి నేను రెండు జవాబులు రాసేవాణ్ణి, అరుగు మీద అత్త చెప్పించేది ఒకటి, పోస్టాఫీసులో కోడలు చెప్పేది ఒకటి. కొన్నాళ్ళకు కొడుకు కుంటుకుంటూ ఇంటికి వచ్చినప్పుడు గుట్టు బయటపడింది. ముసలమ్మ నన్ను నడివీధిలో నిలదీసింది, నోటికొచ్చినట్టు తిట్టింది, ఇక మీదట ఉత్తరాలు బడిపంతులు చేత చదివించుకుంటానని శపథం చేసింది, చదివించుకుంది కూడా. అయితే ఆ మరుసటి సంవత్సరం చిన్నకొడుకు పొలంలో వాటా పంచమని రాసిన ఉత్తరం వచ్చినప్పుడు, ఆమె పంతులు గారి దగ్గరికి పోలేదు. పొద్దు గూకినాక కొంగులో పల్లికాయ కట్టుకొని మన ఇంటి వెనక తలుపు కొట్టింది. మీ అమ్మ పొయ్యి దగ్గరే ఉంది, అడుగు, ఆ ఉత్తరంలో ఏమున్నదో ఈ రోజుకూ మీ అమ్మకు తెలియదు. ఇతరుల ఉత్తరం తెరిచిన ఉద్యోగికి 1898 నాటి పోస్టాఫీసు చట్టం శిక్ష పెట్టింది, ఆ చట్టం పోయి 2024 జూన్‌లో కొత్తది అమలులోకి వచ్చింది. నా సర్వీసులో నేను నోరు మూసుకున్నది మాత్రం చట్టానికి జడిసి కాదు.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఇంట్లో ఎవరికీ, అమ్మకు సైతం చెప్పకూడని మాట ఏదైనా ఉంటే నాకు రాయవచ్చు. రాయాలని లేకపోతే రాయనక్కరలేదు, నేను అడగను. రాములమ్మ చిన్న కోడలికి మాత్రం, అల్లుడు కంపెనీ పని మీద పుణె పోయి ఉంటాడని, మగవాడు ఊరికి పోతే చెప్పులూ బూట్లూ వెంట తీసుకొని పోతాడని, నాకు తోచిన జవాబు నేనే చెప్పి వచ్చాను. అది నిజమైతే సంతోషం. కాకపోతే ఆ జవాబును ఇప్పట్లో మార్చను.

వీడియో తీసివేయమని అనడం లేదు. ఆ పార్సిలు చీటీ, కరెంటు బిల్లు కనిపించే ముక్కలు కత్తిరించి మళ్ళీ పెట్టు. డబ్బాలు పారేసే ముందు చీటీలు చింపెయ్యి. అద్దె ఒప్పందానికి ఆధార్ జిరాక్సు ఇచ్చావా? చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ దొరుకుతుంది, ఎవరైనా అడిగితే అదే ఇవ్వు. పోలీసులమని, వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని ఎవరైనా బెదిరిస్తే నమ్మకు, అటువంటి అరెస్టు చట్టంలో లేదు. పైసలు పోతే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చెయ్యి. రాత్రి తలుపు గొళ్ళెం వేసుకో. ఒంటరిగా ఉన్నప్పుడు మరీనూ.

మీ అమ్మ చింతకాయ తొక్కు పెట్టింది. అల్లుడు కారం తక్కువ తింటాడని అతనికి వేరే సీసా కట్టింది. బుధవారం ఆర్టీసీ కార్గోలో వేద్దామనుకుంటున్నాం. ఒక సీసా పంపాలా, రెండు పంపాలా, అది ఒక్కటి మంగళవారం లోపల చెప్పు.

నీ నాయన