ట్రిప్లికేన్ బైండరు గారికి, ఇంకా కొందరికి థాంక్స్

పది రోజులుగా సరిగా నిద్ర లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మొన్నటి వానకి చెన్నై వేళచ్చేరిలో మా ఇంట్లోకి మోకాలిలోతు నీళ్ళొచ్చాయి. మంచం కింద నాన్న ట్రంకుపెట్టె. నాన్న ఆర్.ఎం.ఎస్.లో (రైల్వే మెయిల్ సర్వీసు) సార్టరు. రాత్రుళ్ళు రైల్లో ఉత్తరాలు వేరుచేసేవారు, పగలు యూనియన్ పని. పోయి ఏడు నెలలైంది. 1968 సెప్టెంబరు 19న కనీస వేతనం కోసం కేంద్ర ఉద్యోగులు ఒక్కరోజు సమ్మె చేశారు కదా, సమ్మె చేస్తే జైలేనని ముందే ఆర్డినెన్సు తెచ్చారు. ఆ సమ్మెకి నాన్నకొచ్చిన సస్పెన్షన్ ఆర్డరు ఆ పెట్టెలోనే ఉంది. అది ఒక్క కాగితం. మిగతాదంతా ఇతరుల గొడవే: ఎవరి బదిలీయో, ఎవరి ఆగిపోయిన ఇంక్రిమెంటో.

అమ్మ ఫ్యామిలీ పెన్షన్‌కి కావలసిన కాగితం కూడా అందులోనే ఉంది. పింఛను ఆర్డరులో అమ్మ పేరు రెండు మాటలుగా, ఆధార్‌లో ఒకే మాటగా ఉందట. ఇద్దరూ ఒకరేనని రుజువు కావాలట! పింఛను కౌంటరులో నాలుగుసార్లు తిప్పారు. సర్వీసు రికార్డు ఉండాల్సింది వాళ్ళ దగ్గర, అడిగేది మమ్మల్ని.

తడిసిన కట్ట పట్టుకుని ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డులో పాత పుస్తకాల కొట్లవాళ్ళని అడుగుతూ పోతే ఒక బైండరు గారిని చూపించారు. డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ పెట్టేవా అని మొదట తమిళంలో కసిరారు. (పెట్టాను, రెండు పేజీలు.) తర్వాత ఆరు రోజులు, అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింటు మధ్యమధ్య పెట్టి, రోజుకి మూడుసార్లు మార్చి, బరువుల కింద ఆరబెట్టారు. నాన్న ఇంకు పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలే. కార్బన్ కాపీలు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మ పేరున్న కుటుంబ వివరాల ఫారం కార్బన్ కాపీయే.

ఆయనకి ఇంగ్లీషు రాదు, తెలుగు అసలే రాదు. అయినా కాగితాలన్నీ వరసలో ఉన్నాయి. ఎలా అని అడిగితే ఒక పేజీ మూల చూపించారు. గుండుసూది తుప్పు మరక. ఏ మరక మీద ఏ మరక కూర్చుంటుందో చూసి కలిపారట. అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను. నాన్న పోయినరోజు కూడా అంత ఏడవలేదు. ఆయన టీ తెప్పించారు. కాగితం, దారం ఖర్చు రెండొందలు తీసుకుని, మిగతాది చేతిలో పెట్టేశారు.

తమ్ముడు, మా ఆయన వాళ్ళ పని వాళ్ళు చేశారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, పెట్టెని నీళ్ళలోంచి మేడమీదికి మోసిన పక్కింటి అబ్బాయిని మరిచిపోయాను! జిరాక్స్ షాపు అమ్మాయి కూడా, పేజీలు చిరుగుతాయని మెషీన్‌లో లాగనివ్వకుండా ఒక్కొక్కటీ అద్దం మీద పరిచి తీసింది. నాన్నతో పనిచేసిన ఒక అంకుల్ ఫోన్లో గంటసేపు ఏ కాగితం ఏమిటో చెప్పారు, పేరు రాయొద్దన్నారు.

సోమవారం ఐదోసారి ఆ కౌంటరుకి వెళ్తున్నాం. ఫారం ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.